చేయి కడుక్కునే దారిలో పోయిన టిప్పు: ఒక సర్వర్ కేసు

కూకట్‌పల్లి వైపు ఉన్న ఒక మధ్యతరగతి రెస్టారెంట్‌లో ఈ కేసు చూశాను. కింద మీల్స్ హాలు, పైన ఏసీ ఫ్యామిలీ హాలు. మధ్యాహ్నం అరిటాకులో ఆంధ్రా భోజనం, సాయంత్రం బిర్యానీ, రోటీ కర్రీలు, చైనీస్. ఇలాంటివి హైదరాబాద్‌లో వీధికొకటి ఉంటాయి కాబట్టి పేరుతో పని లేదు. హాల్లో సర్వర్లని నడిపించే కెప్టెన్‌గా చాలాకాలం చేసి, ఇప్పుడు సర్వీస్ స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇస్తుంటాను. ఓనర్ నన్ను పిలిచింది టిప్పుల సంగతి చూడమని కాదు, సర్వర్లు నిలవడం లేదు, ఎందుకో చూడమని. వెళ్లిపోవాలనుకుంటున్న కుర్రాళ్లతో విడివిడిగా కూర్చుని మాట్లాడితే, జీతం కంటే ముందు అందరూ చెప్పింది టిప్పు గురించే. "పక్క హోటల్లో కూడా ఇదే జీతం సార్. కానీ అక్కడ రోజూ చేతిలో ఏదో ఒకటి పడుతుంది" అన్నాడొకడు.

ఈ పని చేసేవాళ్లలో చాలామంది శ్రీకాకుళం, గోదావరి జిల్లాల నుంచి, ఒడిశా, బెంగాల్, అస్సాంల నుంచి వచ్చినవాళ్లు. రూము, భోజనం హోటల్‌వే. జీతం పడిన రోజే ఇంటికి పంపేస్తారు. ఇక ఇక్కడ ఫోన్ రీఛార్జికైనా, చెప్పులు తెగితే కొనుక్కోవడానికైనా, జ్వరం వస్తే మందులకైనా మిగిలేది టిప్పు డబ్బే. అందుకే దీన్ని పైపై సంగతిగా నేను ఎప్పుడూ చూడలేదు. జీతం సరిగా ఇవ్వడం ఓనర్ బాధ్యత, టిప్పు దానికి బదులు కాదు. కానీ గెస్ట్ ఇద్దామనుకున్న డబ్బు సర్వర్‌కి చేరకుండా మధ్యలో ఆగిపోతుంటే, దాన్ని సరిచేయడం మాలాంటి వాళ్ల పని.

ఇద్దరు సర్వర్లు, ఒకే హాలు

కేసు మొత్తం ఒక కుర్రాడి చుట్టూ తిరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చాడు, ఇరవై దాటిన వయసు. పని వచ్చు. ఆర్డర్ తప్పు రాయడు, గ్లాసులో నీళ్లు తగ్గనివ్వడు, పిల్లలున్న టేబుల్‌కి ముందే చిన్న ప్లేటు, చెంచా తెచ్చి పెడతాడు. అతను పనిచేసే పై ఏసీ హాల్లోనే పక్క సెక్షన్ చూసే సీనియర్ సర్వర్ ఒకాయన ఉన్నాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. టేబుళ్లు అవే, మెనూ అదే, వచ్చే జనం అదే. రాత్రి లెక్క చూసుకునే వేళకి పెద్దాయన జేబుకీ కుర్రాడి జేబుకీ పొంతన ఉండేది కాదు.

మేనేజర్ చెప్పిన కారణం, "వీడు నవ్వడు." కుర్రాడు చెప్పిన కారణం, "ఆయనకి రెగ్యులర్ కస్టమర్లు ఉన్నారు సార్, ముఖం చూసి ఇస్తారు." రెండూ వినడానికి సబబుగానే ఉన్నాయి. సెక్షన్లు మార్చి చూద్దామన్నాను. కిటికీ పక్క టేబుళ్లు కుర్రాడికి, మెట్ల వైపువి పెద్దాయనకి ఇచ్చాం. తేడా అలాగే ఉంది. మొదటిసారి వచ్చిన కుటుంబాలు కూడా పెద్దాయన టేబుల్ మీద ఎంతో కొంత పెట్టి వెళ్తున్నాయి. కాబట్టి పాత ముఖం వల్లనే అనుకోవడానికి లేదు. నవ్వు సంగతీ అంతే, ఆయనేమీ పెద్దగా నవ్వే మనిషి కాదు.

తర్వాత కొన్ని సాయంత్రాలు మూల టేబుల్ దగ్గర నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కో టేబుల్‌కి మూడు సంగతులు రాసుకున్నాను: గెస్ట్ తలెత్తి ఎవరి కోసమైనా వెతికింది ఎప్పుడు, ఎంతసేపటికి మనిషి వచ్చాడు, బిల్లు డబ్బు ఎక్కడ నిలబడి కట్టారు. సర్వీస్ బాగోగులు చూసేవాళ్లు మొదటి రెండూ ఎలాగూ చూస్తారు. మూడోది రాసేవాళ్లు తక్కువ. ఈ కేసులో అసలు సంగతి అక్కడే బయటపడింది.

పెరుగన్నం దగ్గర మొదలయ్యే తేడా

నీళ్లు పెట్టడం నుంచి రెండోసారి అన్నం వడ్డించడం దాకా ఇద్దరి పనిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కొన్ని టేబుళ్ల దగ్గర కుర్రాడే ముందున్నాడు. తేడా మొదలైంది పెరుగన్నం దగ్గర.

మనం చేత్తో తింటాం. హోటల్ మేనేజ్‌మెంట్ క్లాసుల్లో నేర్పే సర్వీస్ ఎక్కువగా ఫోర్కు, కత్తి పట్టుకునే గెస్ట్‌ని దృష్టిలో పెట్టుకున్నది. చేత్తో తినే మనిషికి భోజనం ఆఖర్లో కాసేపు కుడిచెయ్యి ఖాళీగా ఉండదు. జగ్గు ఎత్తలేడు, పర్సు తీయలేడు, ఫోన్ ముట్టుకోలేడు. తినడం అయిపోయాక ఆయన బుర్రలో ఉండేది ఒకటే: ముందు చేయి కడుక్కోవాలి. బిల్లూ, టిప్పూ అన్నీ ఆ తర్వాతే.

ఈ రెస్టారెంట్‌లో వాష్‌బేసిన్ మెట్ల పక్కన ఉంది. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే క్యాష్ కౌంటర్. కుర్రాడి టేబుళ్ల దగ్గర జరుగుతున్నది ఇది. నలుగురున్న కుటుంబం భోజనం ముగుస్తుంది. ఇంటాయన లేచి చేయి కడుక్కోవడానికి వెళ్తాడు. తువ్వాలుతో చేయి తుడుచుకుని తిరగ్గానే ఎదురుగా కౌంటర్. "ఏడో నంబర్ టేబుల్, ఎంతయింది?" అని అడుగుతాడు. క్యాషియర్ బిల్లు తీసి ఇస్తాడు. క్యూఆర్ కోడ్ అక్కడే ఉంది. స్కాన్ చేస్తాడు, పక్కనున్న స్పీకర్ మొత్తం చదివి వినిపిస్తుంది. ఆయన టేబుల్ దగ్గరికి వచ్చి "పదండి" అంటాడు. అందరూ లేస్తారు. మా కుర్రాడు అప్పుడు సైడ్ స్టేషన్ దగ్గర, అంటే సర్వర్లు సామాను పెట్టుకునే బల్ల దగ్గర, చేతులు కడుక్కునే ఫింగర్ బౌల్స్ ట్రేలో సర్దుతున్నాడు. వెళ్తూ ఇంటావిడ "చాలా బాగా చూసుకున్నావు బాబూ" అని మెచ్చుకుంది కూడా. అందులో కపటం లేదు, పిసినారితనం లేదు. డబ్బు కట్టిన చోట సర్వర్ లేడు, సర్వర్ ఉన్న చోట డబ్బు బయటికి రాలేదు. నేను రాసుకున్న టేబుళ్లలో కుర్రాడివి ఎక్కువ భాగం ఇలాగే ముగిశాయి.

పెద్దాయన టేబుల్ దగ్గర ఇలా జరగదు. తినేవాళ్ల చేయి పెరుగన్నంలో నెమ్మదించడం చూడగానే దగ్గరికి వెళ్లి, "ఇంకేమైనా తెమ్మంటారా అమ్మా, స్వీటు గానీ ఐస్‌క్రీమ్ గానీ?" అంటాడు. "చాలు బాబూ" అన్నారంటే భోజనం అయిపోయినట్టు లెక్క. నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లి టేబుల్ నంబర్ చెప్పి వస్తాడు. వచ్చేటప్పుడు చేతిలో ఫింగర్ బౌల్స్ ఉంటాయి. గోరువెచ్చని నీళ్లు, అందులో నిమ్మచెక్క, పక్కన టిష్యూలు. ముందు పెద్దవాళ్లకి, తర్వాత పిల్లల్ని పట్టుకుని ఉన్న తల్లికి పెడతాడు. మోకాళ్ల నొప్పులున్న ముసలావిడ లేచి బేసిన్ దాకా నడవాల్సిన పని తప్పినందుకు ఎంత సంతోషిస్తుందో దగ్గర నుంచి చూస్తేగానీ తెలియదు. చేతులు తుడుచుకునేలోగా బౌల్స్ తీసేసి, సోంపు, పటికబెల్లం ఉన్న గిన్నె, బిల్ ఫోల్డర్ కలిపి తెస్తాడు. పెట్టేసి మాయమైపోడు, అక్కడే నిలబడి చూస్తూ ఉండడు. రెండడుగులు వెనక్కి జరిగి పక్క టేబుల్ గ్లాసుల్లో నీళ్లు పోస్తుంటాడు. గెస్ట్ ఫోన్ తీశాడంటే క్యూఆర్ స్టాండ్, పర్సు తీశాడంటే చిల్లర. మనిషి మాత్రం అందుబాటులో ఉంటాడు.

ఇదంతా ఎవరు నేర్పారని అడిగాను. "గెస్ట్ లేచాడంటే నా చేతిలోంచి పోయినట్టే సార్. కూర్చున్నప్పుడే అన్నీ కావాలి" అన్నాడు.

ఒక జాగ్రత్త ఉంది, దీన్ని కుర్రాడికి మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. బిల్లు సిద్ధంగా ఉండటం వేరు, టేబుల్ మీద పెట్టేయడం వేరు. మన కుటుంబాలు తిన్నాక కాసేపు కూర్చుని మాట్లాడుకుంటాయి. అడగకుండా బిల్లు పెడితే "పొమ్మంటున్నారా?" అనుకుంటారు. ఆదివారం బయట లాబీలో జనం నిలబడి ఉన్నప్పుడైతే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. అలా నొచ్చుకుని వెళ్లిన టేబుల్ నుంచి ఏమీ రాదు, వాళ్లు మళ్లీ రారు కూడా. కాబట్టి బిల్లు సైడ్ స్టేషన్‌లో ఉండాలి. ఫింగర్ బౌల్ వాడి చేతులు తుడుచుకుని ఎవరో ఒకరు ఇటు చూసినప్పుడు కదలాలి.

కుర్రాడిని మార్చితే సరిపోలేదు

సంగతి తెలిశాక కుర్రాడు వెంటనే పట్టుకున్నాడు. కానీ రెండు చోట్ల ఆగిపోయాడు. మొదటిది, ఒక టేబుల్ పెరుగన్నంలో ఉన్నప్పుడు ఇంకో టేబుల్‌కి స్టార్టర్స్ వస్తాయి. ఒకే మనిషి రెండు చోట్ల ఉండలేడు. పెద్దాయన దీన్ని తన మాట మీద నడిపించుకుంటున్నాడు. ఆయన కన్ను సైగ చేస్తే హెల్పర్ ఫింగర్ బౌల్స్ తెస్తాడు. కుర్రాడి మాట హెల్పర్లు వినరు. అందుకే దాన్ని డ్యూటీగా పెట్టాం. "స్వీటు కావాలా?" అని సర్వర్ అడిగి తిరగ్గానే బౌల్స్ తేవడం హెల్పర్ పని, ఎవరి సెక్షన్ అయినా సరే.

రెండోది కౌంటర్. రాత్రి ఎనిమిది దాటితే స్విగ్గీ, జొమాటో డెలివరీ అబ్బాయిలు కౌంటర్ ముందు వరసగా నిలబడతారు. వాళ్లకి పార్శిల్ ఆలస్యమైతే యాప్‌లో రెస్టారెంట్‌కే మాట వస్తుంది. ఆ టెన్షన్‌లో క్యాషియర్ హాలు బిల్లుల్ని పక్కన పెట్టేవాడు. సర్వర్ బిల్లు చెప్పి వచ్చినా చేతికి అందేసరికి పది నిమిషాలు. భోజనం ఎంత బాగున్నా, తిన్నాక బిల్లు కోసం ఎదురు చూసిన ఆ పది నిమిషాలే మనిషికి గుర్తుండిపోతాయి. చేతులు కడిగి, సోంపు తిని, పిల్లలు కుర్చీలు దిగి పరిగెడుతుంటే ఆయన విసుక్కుని తనే కౌంటర్‌కి నడుస్తాడు. టిప్పు ఇచ్చే మనసు అక్కడే పోతుంది. హాలు బిల్లు ముందు తీయాలి, పార్శిల్ తర్వాత, అని ఓనర్ చేత చెప్పించాం. క్యాషియర్ మొదట ఒప్పుకోలేదు. ప్రింట్ నొక్కడానికి పట్టేది అర నిమిషమే అని పక్కన నిలబడి చూపించాక సర్దుకున్నాడు.

నోటు పోయి స్కాన్ వచ్చాక

పాత రోజుల్లో టిప్పుకి ఒక సహజమైన దారి ఉండేది, అదే చిల్లర. 1,386 రూపాయల బిల్లుకి మూడు 500 నోట్లు పెడితే 114 తిరిగి రావాలి. ఫోల్డర్‌లో ఆ చిల్లర చూసినప్పుడు ఎంత తీసుకోవాలి, ఎంత వదలాలి అన్న ఆలోచన గెస్ట్‌కి తనంతట తనే వచ్చేది. 2016లో యూపీఐ వచ్చింది, అదే ఏడాది నవంబర్‌లో పెద్దనోట్ల రద్దు, ఆ తర్వాత కోవిడ్. ఇప్పుడు 1,386 అంటే సరిగ్గా 1,386 పడుతుంది. చిల్లర లేదు, దాంతోపాటు ఆ ఆలోచనా లేదు. జేబులో నోటు పెట్టుకుని తిరిగేవాళ్లే తగ్గిపోయారు. "ఇద్దామనుకున్నాం బాబూ, క్యాష్ లేదు" అన్న మాట ఈ హాల్లో నేను చాలాసార్లు విన్నాను, నిజాయితీగానే అంటున్నారు.

కొందరు సర్వర్లు సొంత ఫోన్‌లో క్యూఆర్ తెరిచి చూపిస్తున్నారు. దీనికి నేను ఒప్పుకోను. గెస్ట్‌కి అది అడుక్కున్నట్టుగా ఉంటుంది, ఓనర్‌కి బిల్లు డబ్బు ఎటు పోతుందో అన్న అనుమానం వస్తుంది. ఒక్కసారి అనుమానం మొదలైతే సర్వర్‌కి మర్యాద మిగలదు. మేం చేసింది ఇది: సర్వీస్ టీమ్ కోసం విడిగా ఒక ఖాతా, దాని క్యూఆర్ బిల్ ఫోల్డర్ లోపలి వైపు అంటించాం. పైన "స్టాఫ్ కోసం, మీ ఇష్టమైతేనే" అని తెలుగులో ఒక్క లైను. దాన్ని చూపించకూడదు, దాని గురించి మాట్లాడకూడదు, గెస్ట్ అడిగితేనే చెప్పాలి. ఆ ఖాతాలో పడింది ఎంతో ప్రతి రాత్రి టేబుల్ నంబర్‌తో సహా పుస్తకంలో రాసి, అందరి ముందూ చదవాలి.

ఈ ఏర్పాటుకి ఓనర్ వెనకాడింది పన్ను గొడవ భయంతో. టిప్పు మా చేతుల మీదుగా పోతే అది జీతం కింద లెక్కకొస్తుందా, టీడీఎస్ (ఇచ్చే ముందే పట్టుకునే పన్ను) పట్టాలా అని అడిగారు. దీని మీద 2016 ఏప్రిల్‌లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. బిల్లుతో పాటు కార్డు మీద గెస్ట్ ఇచ్చిన టిప్పును హోటల్ తీసుకుని ఉద్యోగులకు పంచినా అది యజమాని ఇచ్చే జీతం కాదని, దాని మీద జీతంలా టీడీఎస్ పట్టనక్కర్లేదని చెప్పింది. ఉద్యోగి చేతిలో అది ఇతర ఆదాయం. ఆడిటర్‌తో మాట్లాడాక ఓనర్ ఒప్పుకున్నారు.

క్యాష్ ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు, ముఖ్యంగా పెద్దవయసువాళ్లు. అక్కడ పెద్దాయన చిల్లర తెచ్చే పద్ధతి చూడాలి. 114 తేవాలంటే ఒక వంద నోటు, పద్నాలుగు చిల్లర తేడు. యాభై నోటు ఒకటి, ఇరవైలు రెండు, పదులు రెండు, రూపాయి నాణేలు నాలుగు తెస్తాడు. వంద నోటు ఉంటే గెస్ట్ దాన్ని తీసుకుని పద్నాలుగు వదిలేస్తాడు. అదే డబ్బు విడిగా ఉంటే యాభయ్యో నలభయ్యో వదలడం సులువు. లెక్క మాత్రం చివరి రూపాయి దాకా తెస్తాడు. నాలుగు రూపాయలకి బదులు చాక్లెట్ పెట్టడం, "చిల్లర లేదు సార్" అని నిలబడటం ఆయన దగ్గర ఉండదు. ఆ నాలుగు రూపాయలు తనంతట తాను ఉంచేసుకున్న సర్వర్‌కి ఆ టేబుల్ మళ్లీ ఎప్పుడూ ఇవ్వదు.

మన దగ్గర టిప్పు శాతం లెక్క కాదు

మేనేజర్ దగ్గర అమెరికన్ చిట్కాల ప్రింటవుట్ ఒకటి ఉంది. ఖరీదైన ఐటమ్స్ అమ్మండి, బిల్లు పెరిగితే టిప్పు పెరుగుతుంది అన్నది దాని సారాంశం. అమెరికాలో అది నిజమే. అక్కడ గెస్టులు బిల్లు మీద 15 నుంచి 20 శాతం ఇవ్వడం ఆచారం. టిప్పులు తీసుకునే ఉద్యోగికి యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన ఫెడరల్ కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు, 1991 నుంచి మారలేదు. మిగతాది టిప్పులతో 7.25 డాలర్ల దాకా నిండాలి, నిండకపోతే యజమాని పూడ్చాలి. గెస్ట్‌కి కూడా ఈ సంగతి తెలుసు కాబట్టి టిప్పు అక్కడ దాదాపు బిల్లులో భాగమే.

మన దగ్గర ఇలాంటి ఫ్యామిలీ రెస్టారెంట్‌లో టిప్పు అంటే శాతం లెక్క కాదు, ఒక నోటు. ఇరవై, యాభై, బాగా నచ్చితే వంద. బిల్లు తొమ్మిది వందలైనా పద్దెనిమిది వందలైనా ఆ నోటు పెద్దగా మారదు. అలాంటప్పుడు బిల్లు పెంచడం వల్ల సర్వర్‌కి వచ్చేది ఏమీ లేదు. పైగా ఎక్కువ ఆర్డర్ చేయించి, సగం మిగిలి, పార్శిల్ కట్టించుకుని వెళ్లే కుటుంబం బిల్లు చూసి ముఖం ముడుచుకుంటుంది.

కాబట్టి కుర్రాడికి దీనికి తిరగేసి చెప్పాను. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు వచ్చి మూడు బిర్యానీలు చెబితే, "సార్, మా దగ్గర ఒక్కోటి ఇద్దరికి వస్తుంది. ముందు రెండు చెప్పండి, చాలకపోతే పది నిమిషాల్లో తెస్తాను" అనమన్నాను. పిల్లలున్నారు కదా, కారం తక్కువగా ఏది ఉంటుందో చెప్పమన్నాను. ఆ రోజు చేపల పులుసు కుదరకపోతే "ఈ రోజు అది వద్దమ్మా, రొయ్యల ఇగురు బాగుంది" అనమన్నాను. ఆ ఒక్క మాటతో ఆ టేబుల్ మొత్తం కుర్రాడి వైపు తిరుగుతుంది. ఆ తర్వాత ఏం తిందామన్నది అతన్నే అడుగుతారు. మేనేజర్‌కి ఇది నచ్చలేదు, సేల్ తగ్గుతుందన్నారు. ఓనర్ నా వైపు నిలబడ్డారు, ఎందుకంటే మళ్లీ వచ్చే కుటుంబం విలువ ఆయనకి తెలుసు. ఈ విషయంలో మేనేజర్‌కీ నాకూ ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

అదే ప్రింటవుట్‌లోని మిగతావి కూడా వాడి చూశాం. "హలో, నా పేరు ఫలానా, ఈ రోజు మీ సర్వర్‌ని" అని పరిచయం చేసుకోవడం కుటుంబాల దగ్గర అతకలేదు, కుర్రాడికీ ఇబ్బందే, వాళ్లకీ ఇబ్బందే. టేబుల్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆర్డర్ తీసుకోవడం ఒక్కరోజుతో మానేశాం. పెద్దవాళ్లు "లే నాయనా, అదేంటి" అన్నారు. బిల్లుతో చాక్లెట్లు పెట్టడం మీద 2002లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది, అక్కడ టిప్పు పెరిగింది. మా హాల్లో చాక్లెట్లు పిల్లలు తీసుకున్నారు, సంతోషించారు, అంతవరకే. మనకి సోంపు ఎప్పటి నుంచో ఉంది కాబట్టి బిల్లుతో వచ్చే తీపి కొత్తగా అనిపించదు.

నిలిచింది ఒక్కటే, ఆర్డర్‌ని గెస్ట్ మాటల్లోనే తిరిగి చెప్పడం. నెదర్లాండ్స్‌లో 2003లో అచ్చయిన పరిశోధనలో ఇలా తిరిగి చెప్పిన సర్వర్లకి టిప్పు ఎక్కువ వచ్చినట్టు తేలింది. మా దగ్గర దీని లాభం ఇంకా సూటిగా ఉంది. గెస్ట్ "కారం కొంచెం తగ్గించి, ఉల్లిపాయ లేకుండా" అంటే, "కారం కొంచెం తగ్గించి, ఉల్లిపాయ లేకుండా, సరే అమ్మా" అనాలి. తప్పు అక్కడే దొరుకుతుంది, కేఓటీ (ఆర్డర్ చీటీ) కిచెన్‌కి వెళ్లాక కాదు. తిరిగి పంపిన ప్లేటు మళ్లీ వచ్చేసరికి పావుగంట, ఆ పావుగంట టేబుల్ మీద అందరూ ఒకరికోసం ఒకరు ఆగుతారు.

పిలుపు కూడా ఒక సంగతి. కుర్రాడు ఎవరినైనా "మేడమ్, సార్" అనేవాడు. కాలేజీ పిల్లలకి "అన్నా, అక్కా" బాగుంటుంది, అమ్మమ్మ వయసు ఆవిడకి "అమ్మా" అంటే చాలు. నలభై ఏళ్ల ఆయన్ని "అంకుల్" అనకూడదు.

సర్వీస్ ఛార్జి వేద్దామన్నప్పుడు

మధ్యలో ఓనర్‌కి ఒక ఆలోచన వచ్చింది. బిల్లులోనే ఐదు శాతం సర్వీస్ ఛార్జి వేసి అందరికీ పంచేద్దాం, ఈ తిప్పలన్నీ ఎందుకు అన్నారు. వద్దని గట్టిగా చెప్పాను. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెస్టారెంట్ దాన్ని బిల్లులో దానంతట అదే కలపకూడదు, ఇంకో పేరుతోనూ వేయకూడదు, కట్టాలని బలవంతం చేయకూడదు. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకి వెళ్లాయి, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు చెల్లుతాయంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, బిల్లులో ఆ లైను కనబడగానే గెస్ట్ సర్వర్ బాకీ తీరిపోయిందనుకుంటాడు. అది ఎంత మందికి పంచారో, అసలు పంచారో లేదో సర్వర్‌కి తెలియదు.

ఇక్కడ చిన్న తలనొప్పి ఒకటి ఉంది. రెస్టారెంట్ బిల్లు మీద ఉండే ఐదు శాతం జీఎస్టీ రెండున్నర చొప్పున రెండు లైన్లలో కనబడుతుంది. కొందరు వాటిలో ఒకటి సర్వీస్ కింద తీసుకున్నదనుకుంటారు. "సర్వీస్ ఇందులో వేశారా?" అని గెస్ట్ అడిగితే, "లేదు సార్, రెండూ జీఎస్టీనే" అని అంతవరకే చెప్పమన్నాను. అడక్కుండా వివరించొద్దు, అడిగితే దాచొద్దు.

పంపకం

కుర్రాడికి టిప్పులు పెరిగాక హెల్పర్లు మనసుపెట్టి పనిచేయడం తగ్గించారు. ఫింగర్ బౌల్స్ తేవడం, టేబుల్ తుడవడం వాళ్లు, నోటు ఇంకొకరి జేబులోకి. వాళ్ల బాధ న్యాయమైనదే. అన్నీ ఒకే పెట్టెలో వేసి సమానంగా పంచాలని కొందరన్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు, ఆయన కష్టం ఆయనది. చివరికి కుదిరింది ఇది: చేతికి వచ్చిన క్యాష్‌లో ఐదో వంతు ఆ పూట తనతో పనిచేసిన హెల్పర్‌కి అదే రాత్రి ఇవ్వాలి. క్యూఆర్‌లో పడ్డది సర్వర్లు, హెల్పర్లు, కిచెన్‌లో గిన్నెలు కడిగేవాళ్లతో సహా అందరికీ వారానికోసారి హాజరును బట్టి. మేనేజర్‌కి, క్యాషియర్‌కి, ఓనర్‌కి అందులో వాటా లేదు. ఈ చివరి మాట కాగితం మీద రాయించి సంతకాలు పెట్టించాను. టిప్పుల డబ్బులో పైవాళ్ల చేయి పడిందన్న అనుమానం ఒక్కసారి వచ్చిందంటే ఏ పద్ధతీ నిలవదు.

ఏం మారింది, ఏం మారలేదు

కుర్రాడి టేబుళ్ల దగ్గర కౌంటర్‌కి నడిచి బిల్లు కట్టేవాళ్లు బాగా తగ్గారు. పెద్ద నోట్లు ఇచ్చేవాళ్లు పెరగలేదు. పెరిగింది ఎంతో కొంత ఇచ్చే టేబుళ్లు. అంతకు ముందు ఖాళీగా వెళ్లిన టేబుళ్లే ఇప్పుడు ఇరవయ్యో యాభయ్యో పెట్టి వెళ్తున్నాయి, కొన్ని స్కాన్ చేస్తున్నాయి. పెద్దాయనకీ కుర్రాడికీ తేడా పూర్తిగా పోలేదు. ఆయనకున్న కంటిచూపు ట్రైనింగ్‌తో ఒక సీజన్‌లో వచ్చేది కాదు. కుర్రాడు మాత్రం పక్క హోటల్‌కి వెళ్లే ఆలోచన మానుకున్నాడు.

కింద మీల్స్ హాల్లో ఇవేవీ పనిచేయలేదు. అక్కడ ముందు టోకెన్ తీసుకుని కూర్చుంటారు, డబ్బు అప్పటికే కట్టేసి ఉంటారు, తిని చేయి కడుక్కుని నేరుగా వెళ్లిపోతారు. అక్కడ వడ్డించేవాళ్ల కష్టం పైహాలు కంటే ఎక్కువ, సాంబారు బకెట్ మోస్తూ మధ్యాహ్నమంతా నిలబడే ఉంటారు. వాళ్లకి టిప్పు దారి లేదు కాబట్టి జీతంలోనే మీల్స్ హాలు భత్యం విడిగా కలపాలని ఓనర్‌కి రాసిచ్చాను. సగానికి ఒప్పుకున్నారు, మిగతా సగం గురించి మాట్లాడుతున్నాం. ఆఫీసు కుర్రాళ్లు పదిమంది వచ్చి బిల్లు పది ముక్కలుగా కట్టే టేబుళ్ల దగ్గర కూడా టిప్పు రాదు, ఎవరికి వాళ్లు పక్కవాడు ఇచ్చాడనుకుంటారు. అలాంటి టేబుల్‌కి ఒకరితో మొత్తం కట్టించుకుని వాళ్లలో వాళ్లు పంచుకోమని చెప్పడం కుర్రాడు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాడు.